మెస్సరా మైదానము: నేల, నీరు, శాసనము

గ్రీసు దేశమునకు చెందిన క్రీటు ద్వీపము మధ్యధరా సముద్రమునందు తూర్పుపడమరలుగా సుమారు 260 కిలోమీటర్ల పొడవున వ్యాపించియున్నది. అది కొండల సీమ. చదునైన సాగునేల అక్కడ స్వల్పము. ఆ స్వల్పములో పెద్ద భాగము ద్వీపమునకు దక్షిణమున నున్న మెస్సరా మైదానము. ఉత్తరమున 2,456 మీటర్ల ఎత్తుగల ప్సిలోరితి పర్వతము, దక్షిణమున సముద్రమునకు అడ్డుగోడవలె నిలిచిన అస్తెరూసియా కొండలు. ఈ రెంటి నడుమ సుమారు 50 కిలోమీటర్ల పొడవున ఈ మైదానము పరచుకొనియున్నది. వేలకొలది ఏండ్లుగా వాగులు కొండలనుండి తెచ్చి పోసిన ఒండ్రుమన్నే దీని సారమునకు మూలము.

అక్కడి సేద్యమును అర్థము చేసికొనుటకు మన కార్తెల లెక్కను కొంచెము మరువవలెను. మనకు ఎండలు ముగిసినవెంటనే తొలకరి వచ్చును. అక్కడ వేసవి అంతయు దాదాపు చినుకు లేకుండనే గడచును. వానలు శరత్తున ఆరంభమై చలికాలమున కురియును. కావున గోధుమ, యవలు శరత్తున విత్తి, చలికాలపు తేమతో పెంచి, ఎండలు ముదురకముందే కోసికొందురు. వేసవిని ఓర్చుకొను పని ఆలివు చెట్టుది, ద్రాక్షతీగెది. ఆలివు ఆకు సన్ననిది, దళసరిది. లోపలి తేమను సులభముగా పోనీయదు. ద్రాక్షవేళ్లు లోతునకు దిగి, నేల దాచుకొన్న తడిని వెదకికొనును. ఈ విధముగా ధాన్యము, నూనె, ద్రాక్షారసము అను మూడును ఆకాశపు నీటితోనే ఆ జనులకు సమకూడెను.

ఈ కలిమి మీదనే ఒక నాగరకత నిలిచినది. మైదానమునకు ఎదురుగా ఒక గుట్టపై ఫైస్టోస్ రాజప్రాసాదము క్రీ.పూ. 1900 ప్రాంతమున వెలసెను. ఇటలీ పండితులు ఫెదెరికో హాల్బెర్, లూయిజీ పెర్నియర్ 1900 నుండి అక్కడ త్రవ్వకములు సాగించిరి. కొట్లలో మనుష్యుని ఎత్తు గాదెకుండలు బయల్పడినవి. 1908లో పెర్నియర్ పరిశోధన కాలముననే సుమారు 16 సెంటీమీటర్ల వ్యాసముగల కాల్చిన మట్టిబిళ్ల ఒకటి దొరకెను. రెండు ప్రక్కలను సుడివలె ముద్రించియున్న దాని లిపిని నేటివరకు ఎవరును చదువలేకపోయిరి.

ఫైస్టోసునకు చేరువనే యున్న అగియా త్రియాదాలో దొరకిన నల్లరాతి పాత్ర మరింత మనసునకు హత్తుకొనును. దానిపై రైతుల ఊరేగింపు చెక్కబడియున్నది. పొడవైన పనిముట్లను భుజములపై మోసికొనుచు వరుసగా నడచుచున్నారు. ఒకడు తాళవాద్యమును ఆడించుచు నోరు తెరచి పాడుచున్నాడు. అది కోతలపండుగయో, విత్తుటకు పోవుటయో, ఆలివుకాయలు రాల్చుటయో పండితులు ఏకాభిప్రాయమునకు రాలేదు. కాని పని ముగిసినవారి సంతోషము ఆ ముఖములలో కనబడుచున్నదని చెప్పుటకు పండితులు అక్కరలేదు.

కాలక్రమమున ప్రాసాదములు కూలినవి. గ్రీకుల కాలమున మైదానమునకు పెద్దనగరమైన గోర్టిన్, పిమ్మట రోమనుల ఏలుబడిలో క్రీటునకు రాజధాని అయ్యెను. 1884లో హాల్బెర్ అక్కడ ఒక నీటిమర కాలువచెంత రాతిగోడపై అక్షరములు గుర్తించెను. త్రవ్వగా 12 పట్టీలలో 600 పంక్తులకు పైబడిన ధర్మశాసనము వెలికివచ్చినది. అది క్రీ.పూ. 5వ శతాబ్దినాటిది. ఒక పంక్తి కుడినుండి ఎడమకు, తరువాతిది ఎడమనుండి కుడికి వ్రాయబడినది. ఎద్దు చాలు చివర మరలునట్లు చదువరి కన్ను పంక్తి చివర మరలవలెను. గ్రీకులు ఈ వ్రాతకు పెట్టిన పేరునకు అర్థము కూడ ఎద్దుల మలుపు అనియే.

ఈ శాసనము ప్రకారము తండ్రి ఆస్తిలో కుమారునకు రెండు పాళ్లు, కుమార్తెకు ఒక పాలు. భర్తనుండి విడిపోవు స్త్రీ తాను తెచ్చుకొన్న ఆస్తిని తానే తీసికొనును. ఆ ఆస్తిపై వచ్చిన ఫలసాయములో సగము, తాను నేసిన బట్టలో సగము ఆమెవే. మన స్త్రీధనపు మాట ఎరిగిన పాఠకులకు ఇది ఆసక్తి కలిగింపక మానదు.

గోర్టిన్‌లో మరియొక శాసనముకూడ ఉన్నది; అది చిన్నది, నీటిని గూర్చినది. నది నడిమిపాయనుండి నీటిని తన పొలమునకు మళ్లించుకొనువానికి దండన లేదు. కాని అంగడివీధి వంతెన క్రింద పట్టునంత ప్రవాహమును, లేదా అంతకు మించి, నదిలో విడువవలెను, అంతకు తగ్గరాదు. ఎంత చక్కని కొలత! అంగడికి వచ్చిన ప్రతివాడును వంతెనపై నిలిచి క్రిందికి చూచిన చాలును. హద్దు దాటినదో లేదో తెలిసిపోవును.

ఇంత పాతకథను నేడు తలచుకొనుటకు కారణము లేకపోలేదు. 1984 నుండి మెస్సరాలో లోతైన బావులు త్రవ్వి యంత్రములతో నీరు తోడుట విరివియైనది. వేసవిని ఓర్చుకొను ఆలివుచెట్లకు కూడ బిందుసేద్యపు గొట్టములు వేసిరి. దిగుబడి పెరిగినది, పల్లెలకు డబ్బు వచ్చినది. కాని భూగర్భజలము కొన్నిచోట్ల 30 మీటర్లకు పైగా దిగిపోయినది. పూర్వపు చిత్తడినేలలు ఎండినవి. పడమటి భాగమునకు ఆసరాగా ఫనెరొమెనివద్ద ఆనకట్ట కట్టిరి. బోరు అడుగంటిన మెట్టరైతునకు ఈ కథను విడమరచి చెప్పనక్కరలేదు.

2025లో ఫైస్టోస్‌తోపాటు ఆరు మినోవన్ ప్రాసాదకేంద్రములను యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చినది. రాళ్లకు ఆ రక్షణ దొరకుట మంచిదే. అయితే ఆ రాళ్లను నిలిపినది క్రిందనున్న పొలము. పొలమును నిలిపినది నీరు. నదిలోని నీటిని వంతెనపైనుండి అందరును చూడగలిగిరి. నేలలోపలి నీరు ఎవరి కంటికిని కనబడదు. పొరుగువాని వాటా ఎక్కడ ముగిసినదో తోడువానికి తెలియదు. కనబడని ఆ నీటికి గోర్టిన్ వంతెనవంటి కొలత ఒకటి, అందరును చూచి ఒప్పుకొనునది, ఏర్పరచుటయే నేటి కర్తవ్యము.