ఋషికుల్య తీరాన వనభోజనం

కార్తికమాసం రాగానే బరంపురంలోని తెలుగు కుటుంబాలు ఉసిరిచెట్టు నీడను వెదకుతాయి. పుష్యమాసపు చలిలో ఒడియా కుటుంబాలు ‘బణభోజి’కి తరలుతాయి. ఆ మాటను తెలుగు చేయడానికి నిఘంటువు తెరవవలసిన పనిలేదు, అది మన వనభోజనమే. వేళ వేరైనా, ఈ రెండు సమూహాలలో అనేకులు చేరుకునే తీరం మాత్రం ఒక్కటే, ఋషికుల్య.

కంధమాల్ జిల్లా దారింగిబాడి ప్రాంతపు కొండలలో పుట్టిన ఈ నది సుమారు 165 కిలోమీటర్లు ప్రవహించి, ఆస్కా వద్ద బడనదిని కలుపుకొని, గంజాం పట్టణ సమీపంలో బంగాళాఖాతంలో కలుస్తుంది. సంస్కృతంలో ‘కుల్య’ అంటే కాలువ. వేసవిలో నదిని చూసినవారికి ఆ పేరు సముచితమే అనిపిస్తుంది. వర్షాకాలంలో చూసినవారు మాత్రం ఒప్పుకోరు. మన నగరానికి వచ్చే తాగునీటిలో కొంత భాగం ఈ నదిదే, జానివిల్లి వద్ద తీసుకున్నది.

స్థలనిర్ణయంలో మొదట తలపునకు వచ్చేది పురుషోత్తంపూరు చేరువనున్న తారాతారిణి కొండ. నగరం నుండి దాదాపు 30 కిలోమీటర్లు. కొండపైకి 999 మెట్లు, వృద్ధులకు రోప్‌వే ఉన్నాయి. పైనుండి చూస్తే నది వంపు తిరిగిన తీరు కనులపండువుగా ఉంటుంది. చైత్రమాసపు మంగళవారాలలో భక్తుల రద్దీ అధికం కనుక ఆ రోజులు విహారానికి అనువైనవి కావు. అదే నదికి చేరువలో జౌగఢ వద్ద అశోకుని శిలాశాసనం ఉంది. అందులోని మొదటి శాసనం జీవహింసతో పాటు ఉత్సవ సమాజాలను కూడా నిషేధించింది, కొన్నింటిని మాత్రం మినహాయించింది. మన వనభోజనం ఏ కోవలోకి వస్తుందో చక్రవర్తి చెప్పలేదు గాని, పురావస్తుశాఖ నియమాలు స్పష్టంగానే ఉన్నాయి: రక్షిత ప్రాంగణంలో అనుమతి లేనిదే వంట, భోజనం కూడదు. శాసనాన్ని దర్శించి, విస్తళ్లు మరొక చోట పరచుకోవాలి.

స్థలంకంటె ముఖ్యమైనది నీటి సంగతి. ఏటి ఒడ్డున ఎన్నో కుటుంబాల పండుగ దుఃఖంగా మారేది ఇక్కడే. వరదల తరువాత ఇసుకతిన్నెలు స్థానం మారుతాయి. నిరుడు పిల్లలు మోకాటిలోతు నీటిలో ఆడుకున్న చోట ఈ ఏడు నిలువులోతు ఉండవచ్చు. ఇసుక తవ్విన గోతులపై నీరు నిశ్చలంగా, అద్దంలా కనిపిస్తుంది. ఒక అడుగు నేలమీద పడి, రెండవ అడుగుకు నేల అందదు. కావున తీరం చేరగానే స్థానికులను, ముఖ్యంగా జాలరులను, లోతు గురించి విచారించండి. ఇక్కడ ఎండ కాస్తున్నా ఎగువ కొండలలో వాన పడితే ప్రవాహం పెరుగుతుంది. అక్టోబరు, నవంబరు తుపానుల మాసాలు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తీరం దాటింది గోపాల్‌పూర్ సమీపంలోనే. బయలుదేరే ముందు వాతావరణశాఖ సూచన చూడడం తప్పనిసరి.

భోజనాల వేళ అందరూ వంట దగ్గర ఉంటారు, పిల్లలు నీటి దగ్గర ఉంటారు. ‘ఎవరో ఒకరు చూస్తున్నారులే’ అన్న భరోసా అన్నింటికంటె ప్రమాదకరం. గంటకొకరి చొప్పున పెద్దలు వంతులు వేసుకొని, తమ వంతులో మరే పనీ పెట్టుకోరాదు. పొడవైన తాడు, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను ఒకటి ఒడ్డున ఉంచుకోండి. ఎవరైనా మునుగుతుంటే ఈత రానివారు నీటిలో దూకరాదు. తాడు గాని, చీర గాని, క్యాను గాని విసరాలి. వెంటనే 112కు ఫోను చేయాలి. మద్యం సేవించినవారిని నీటిలోకి దిగనీయకపోవడం మర్యాదకు భంగం కాదు.

వంట విషయంలో మన పెద్దల ఎంపికే శాస్త్రీయం. చింతపండు పులుపు వల్ల పులిహోర సాయంత్రం వరకు నిలుస్తుంది. దద్ధ్యోదనం ఎండలో త్వరగా పులిసిపోతుంది కనుక ముందే వడ్డించాలి. పొరుగు ఒడియా కుటుంబం దాల్మా పంపితే బదులుగా బెల్లం పరమాన్నం పంపడం ఇక్కడి మర్యాద. తాగడానికి ఏటి నీరు వద్దు, ఇంటినుండే తీసుకువెళ్లండి. పొయ్యిని చెట్టు మొదలుకు దూరంగా, గాలికి మరుగున పెట్టండి. నిప్పులను ఇసుకతో కప్పి వదిలివేయడం చాలామంది అలవాటు. ఇసుక కింద నిప్పు చాలాసేపు ఆరదు. పైకి ఏమీ కనిపించదు. మరునాడు అటు నడిచే పిల్లవాని పాదం కాలుతుంది. నీరు పోసి, కలియబెట్టి, మళ్లీ పోయాలి.

విస్తళ్లు ఆకులవే తీసుకువెళ్లండి. థర్మోకోల్ పళ్లేలు, ప్లాస్టిక్ గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషిద్ధం. తీరాన వదిలిన సంచి తదుపరి వరదకు నదీముఖం చేరుతుంది. ఆ ఇసుకతీరానికే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు, సాధారణంగా ఫిబ్రవరి, మార్చి మాసాలలో, వేలాదిగా వచ్చి గుడ్లు పెడతాయి. సుమారు 50 రోజులకు పిల్లలు వెలువడి, వెలుగు ఉన్న దిక్కుకు నడుస్తాయి. సహజంగా ఆ వెలుగు సముద్రానిది. ఒడ్డున దీపాలు, మంటలు ఉంటే అవి ఎదురుదిక్కుకు పోయి నశిస్తాయి. అందువల్ల ఆ మాసాలలో నదీముఖాన రాత్రి విహారం మానుకోవాలి, అటవీశాఖ సిబ్బంది చెప్పిన హద్దు దాటరాదు.

నవంబరులో సాయంత్రం 5 దాటగానే చీకటి పడనారంభిస్తుంది. 4 గంటలకే పాత్రలు సర్దుకొని, పిల్లలను ఒకసారి లెక్కపెట్టుకొని బయలుదేరండి. తడిచెత్త, పొడిచెత్త వేర్వేరు సంచులలో వెంట తెచ్చి, మరునాటి ఉదయం మీ వీధికి వచ్చే చెత్తబండికి అందించండి.