డిక్కీలో దాగే ఉక్కు కప్పు

జర్మనీలోని బ్రెమెన్ కర్మాగారంలో 1996లో తయారీ మొదలైన మెర్సిడెస్-బెంజ్ ఎస్‌ఎల్‌కే అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు నేడు సెకండ్ హ్యాండ్ బజారులో తప్ప మరెక్కడా దొరకదు. చివర్లో ఎస్‌ఎల్‌సీ అని పేరు మార్చుకున్న ఆ వంశం తయారీ 2020లో ఆగిపోయింది. అమ్మకానికి పెట్టిన ఇలాంటి బండిని చూడవచ్చినవారి కళ్లు ముందుగా ఇంజిను మీద, రంగు మీద, తిరిగిన కిలోమీటర్ల మీద పడతాయి గాని, ఆ కారును తక్కిన కార్ల నుంచి వేరుచేసినదీ, పాతబడ్డాక దాని అసలు విలువను తేల్చవలసినదీ దాని పైకప్పే. పైకప్పు తీసి నడపగలిగే కారును కన్వర్టిబుల్ అంటారు. అలాంటి కార్లకు ఎక్కువగా మడతపడే గుడ్డ కప్పు ఉండగా, ఎస్‌ఎల్‌కేకు మామూలు కారుకున్నట్లే గట్టి ఉక్కు కప్పు ఉంటుంది, మీట నొక్కగానే అది రెండుగా మడతపడి డిక్కీలోకి వెళ్లిపోతుంది.

ఈ ఊహ పుట్టింది మాత్రం జర్మనీలో కాదు. 1922లో అమెరికాలో బెన్ ఎల్లర్‌బెక్ ఒక హడ్సన్ కారుకు చేత్తో వెనక్కి జరిపే గట్టి కప్పును అమర్చి చూపించినా దాన్ని తయారీకి ఎత్తుకున్నవారు లేరు. ఆ తరువాత పదేళ్లకు, పారిస్‌లో దంతవైద్యం వృత్తిగా ఉంటూనే కార్ల ఆకృతులు గీస్తూ వచ్చిన జార్జ్ పోలాన్, కప్పు మొత్తాన్ని ఒకే ముక్కగా వెనక్కి జార్చి డిక్కీ మూత కింద దాచే పద్ధతిని రూపొందించి పేటెంటు పొందాడు. కార్లకు బాడీలు కట్టే మార్సెల్ పుర్తూ, పెజో కార్ల డీలరు ఎమిల్ డార్ల్‌మా అతనితో చేతులు కలపడంతో 1934లో పెజో 401, 601 మోడళ్లకు ‘ఎక్లిప్స్’ అనే రూపం వచ్చింది. మొదట్లో ఆ కప్పును కరెంటు మోటారు కదిలించేది. తరువాతి 402 ఎక్లిప్స్‌లో దాన్ని చేత్తోనే ఎత్తి దించేలా మార్చారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్సును ఆక్రమించిన జర్మన్ సేనలకు వ్యతిరేకంగా రహస్య ప్రతిఘటనలో పనిచేసిన పోలాన్‌ను నాజీలు 1942 మార్చి 21న కాల్చిచంపారు. ఎక్లిప్స్ వచ్చిన సుమారు అరవై ఏళ్లకు జర్మన్ కార్ల మీద లోకమంతా మెచ్చుకున్న కప్పుకు మూలపురుషుడు ఇతడే అయినా, ఆ కార్ల గురించి మాట్లాడేటప్పుడు ఇతని పేరు తలచేవారు అరుదు కావడం విచారకరం.

యుద్ధం తరువాత ఈ ప్రయత్నాన్ని పెద్ద ఎత్తున చేసినది ఫోర్డ్ సంస్థ. 1957 నుంచి 1959 వరకు అది తయారుచేసిన స్కైలైనర్ కారులో కప్పు మరీ పొడవు కావడం వల్ల దాని ముందుభాగాన్ని కిందికి మడిచి, అనేక మోటార్లు, స్విచ్చులు, 600 అడుగులకు పైగా వైరు సాయంతో డిక్కీలోకి దించవలసి వచ్చింది. మూడేళ్లలో 48,394 కార్లు తయారయ్యాయి. ధర ఎక్కువ, సామాను పెట్టుకునే చోటు తక్కువ అయినందున ఆ తరువాత దాన్ని మానుకున్నారు.

ఎస్‌ఎల్‌కే విజయానికి కారణం కారును చిన్నదిగా ఉంచడమే. మొదటి తరం ఎస్‌ఎల్‌కేలో ముందు, వెనక చక్రాల ఇరుసుల మధ్య దూరం 2,400 మిల్లీమీటర్లు మాత్రమే కావడంతో, ఇద్దరికి సరిపడే పొట్టి కప్పును రెండు ముక్కలుగా చేస్తే చాలింది. మీట నొక్కగానే డిక్కీలో అమర్చిన కరెంటు పంపు నూనెను ఒత్తిడితో సన్నని గొట్టాల్లోకి నెడుతుంది, ఆ నూనె సిలిండర్లలోని కడ్డీలను తోస్తుంది. ద్రవపు ఒత్తిడితో పనిచేసే ఈ ఏర్పాటునే హైడ్రాలిక్స్ అంటారు. కిటికీ అద్దాలు దిగుతాయి, డిక్కీ మూత మామూలుగా తెరుచుకునే వైపు నుంచి కాక ముందువైపు నుంచి పైకి లేస్తుంది, ముందు అద్దం చట్రానికి పట్టి ఉన్న కొక్కేలు విడిపోతాయి, కప్పు, వెనక అద్దం ఒకదానిమీద ఒకటి వాలి లోపలికి దిగుతాయి, మూత మళ్లీ మూసుకుంటుంది. ఇదంతా దాదాపు 25 సెకన్లలో ముగుస్తుంది. కప్పు వేసి ఉంటే 348 లీటర్లుండే డిక్కీ జాగా, కప్పు లోపలికి వచ్చాక 145 లీటర్లకు తగ్గిపోతుంది. డిక్కీలో సామానుకు పైన లాగి కట్టవలసిన చిన్న తెర ఒకటి ఉంటుంది. అది సరిగా బిగిసి లేకపోతే, సంచీ నలిగి కప్పు దెబ్బతినకుండా, ఒక సూక్ష్మమైన స్విచ్చు మొత్తం యంత్రాన్ని కదలనివ్వదు. కప్పు పాడైందని భయపడి మెకానిక్కు దగ్గరికి వెళ్లినవారిలో కొందరి ఇబ్బంది ఈ తెర దగ్గరే తీరిపోతుంది.

కప్పు తీసే కారుకు బలం ఎక్కడి నుంచి రావాలన్నది ఇంజనీర్లకు అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. మూత తీసిన చెప్పుల అట్టపెట్టెను రెండు చివరలా పట్టుకుని మెలిపెడితే ఎంత సులువుగా వంగుతుందో, కప్పు లేని కారు బాడీ కూడా గతుకుల్లో అలాగే మెలితిరగడానికి చూస్తుంది. అందుకని తలుపుల కింది గడపలను, ముందు అద్దం చట్రాన్ని, సీట్ల వెనక అడ్డగోడను అదనపు లోహంతో దిట్టం చేస్తారు. ఆ లోహంతో, కప్పును కదిలించే సరంజామాతో బరువు పెరుగుతుంది. ఈ బరువును మోసేందుకు ఎస్‌ఎల్‌కే 230లో 2,295 సీసీ ఇంజినుకు కంప్రెసర్‌ను, అంటే ఇంజిను తిప్పే బెల్టుతో నడుస్తూ లోపలికి గాలిని కూరే యంత్రాన్ని, జతచేసి 193 హార్స్‌పవర్ రాబట్టారు. 2004 వరకు ఈ మొదటి తరం కార్లు 3 లక్షలకు పైగా తయారయ్యాయి. మడిచే గట్టి కప్పు విషయంలో పెజో ‘206 సీసీ’ మోడలు, ఫోక్స్‌వాగన్ ఇయోస్, 2009 నాటి బీఎండబ్ల్యూ జడ్4 ఇదే దారి పట్టాయి. గుడ్డ కప్పులు పలుపొరలతో మెరుగుపడి, తేలికగా, వేగంగా మడిచే స్థితికి చేరాక 2018 నాటి కొత్త జడ్4 మళ్లీ గుడ్డకే తిరిగిపోయింది. ఇక ఉక్కు కప్పు మనుగడ చాలావరకు రెండో, మూడో యజమాని చేతుల్లోనే ఉంది.

ఈ కార్లు భారతదేశానికి పూర్తిగా తయారైనవిగానే దిగుమతై, భారీ కస్టమ్స్ సుంకంతో అమ్ముడయ్యాయి. ఎస్‌ఎల్‌కే 350 ఇక్కడి బజారులోకి 2011లో, ఎస్‌ఎల్‌సీ 43 2016లో వచ్చాయి. అలాంటి పాత బండి బాపట్ల–చీరాల మధ్య ఈపురుపాలెం వంటి ఊరికి చేరితే దానికి ఎదురయ్యే వాతావరణం బ్రెమెన్‌ది కాదు. రోహిణీ కార్తె ఎండలో కప్పు తెరవడం జరగని పని, అప్పుడు ఉక్కు కప్పు, ఏసీ కలిసి గుడ్డకన్నా మేలే చేస్తాయి. ధనుర్మాసపు ఉదయాన వాడరేవు, సూర్యలంక దారుల్లో తెరిచి నడపడం నిజంగా గొప్ప అనుభవమే. కానీ సముద్రపు ఉప్పుగాలి బాడీ అడుగున, కీళ్ల దగ్గర, వైర్ల కొసల వద్ద తుప్పు పెంచుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటిన సంగతి ఈ ప్రాంతంలో కారు కొనేవారు గుర్తుంచుకోవాలి. నీట మునిగిన బండిలో తివాచీ కింద బురద చార, సీటు పట్టాల మీద తుప్పు, సీటు బెల్టును చివరికంటా లాగితే కనిపించే మరకలు మిగిలిపోతాయి.

కప్పు విషయంలో చూడవలసినవి ఇంకా సూక్ష్మమైనవి. కప్పుకు, డిక్కీకి మధ్యనున్న కాలువల్లో ఆకులు పేరుకుంటే వాననీరు బయటికి పోక డిక్కీలోకి దిగి, అక్కడి పంపును, వైర్లను పాడుచేస్తుంది. తలుపుల చుట్టూ ఉన్న రబ్బరు బీడింగులు ఎండకు గట్టిపడి పగిలితే నీరు కారడమే కాక గాలి హోరు కూడా మొదలవుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనవి సిలిండర్ల చివర నూనెను ఆపే సీళ్లు. ఇవి పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ రకం పదార్థంతో చేసినవైతే, ఏళ్లు గడిచేకొద్దీ సత్తువ కోల్పోయి చిట్లుతాయి, అప్పుడు ముందు అద్దం పైఅంచున, డిక్కీ లోపలి గుడ్డమీద నూనె మరకలు కనిపిస్తాయి. సిలిండరు మొత్తం మార్చడం ఖర్చుతో కూడిన పని. దాన్ని విప్పి కొత్త సీళ్లు వేయడం చాలా సందర్భాల్లో సరిపోతుంది. జేసీబీలకు, ట్రాక్టర్లకు సీళ్లు మార్చే పనివారికి ఇందులోని సూత్రం కొత్తదేమీ కాదు, అయితే ఇక్కడి భాగాలు చాలా చిన్నవి, కొలతలో వెంట్రుకవాసి తేడాను కూడా సహించవు.

ఇక కాగితాల సంగతికి వస్తే, యాజమాన్యం మారడానికి ఫారం 29, 30 కావాలి, బండి వేరే రాష్ట్రానిదైతే ఫారం 28తో ఎన్.ఓ.సి. తెచ్చుకోవాలి, అప్పు తీరిన బండికి ఫారం 35 ఉండాలి. 2011లో రిజిస్టరైన ఎస్‌ఎల్‌కేకు 2026తో 15 ఏళ్లు నిండుతాయి గనుక, ఆపైన ఫిట్‌నెస్ చూపించి ఐదేసి ఏళ్లకు ఆర్.సి. పొడిగించుకోవాలి. ఆ పరీక్షలో బ్రేకులు, లైట్లు, పొగ చూస్తారు గాని కప్పును ఆడించి చూడరు. కాబట్టి ఇంజిను నడుస్తుండగా, చదునైన నేల మీద, ఎండ వేడి ఉన్నప్పుడొకసారి, చల్లబడ్డాక మరొకసారి దాన్ని తెరిపించి మూయించి చూడవలసిన పని, డబ్బు చేతులు మారకముందే, కొనేవారిదే.