కళాకారుడి చావు పెద్దదా? మామూలు మనిషి చావు చిన్నదా?

ఈ రోజు టాపిక్ కొంచెం ఇబ్బంది పెడుతుంది, ముందే చెప్తున్నా. ఒక పెద్ద సింగర్ చనిపోతే రాష్ట్రమంతా ఏడుస్తుంది. అదే రోజు మన వీధి చివర ఒకాయన చనిపోతే పక్క వీధికి కూడా తెలియదు. మరి కళాకారుడి చావు నిజంగానే పెద్దదా?

ఇది నేను పుస్తకంలో చదివి ఎత్తుకున్న ప్రశ్న కాదు. 2020 సెప్టెంబర్ 25, శుక్రవారం. అప్పటికి నేను ఇంకా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలోనే ఉన్నా. కోవిడ్ టైమ్, నంద్యాలలో మా ఇంట్లోనే వర్క్ ఫ్రమ్ హోమ్. మధ్యాహ్నం ఒంటి గంట దాటాక వార్త వచ్చింది, చెన్నైలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు చనిపోయారని. ఆగస్టు 5న హాస్పిటల్లో చేరిన దగ్గర్నుంచి ఆయన హెల్త్ బులెటిన్లు మనమంతా ఫాలో అవుతూనే ఉన్నాం కదా. నిజంగా ఏడ్చేశా. వరసగా మూడు వాట్సాప్ స్టేటస్‌లు పెట్టా.

సాయంత్రం మా అమ్మ గదిలోకి వచ్చి, "రేయ్, ఆళ్ళగడ్డ మామ పోయినాడంటరా" అంది.

ఆయన మా అమ్మకు పెదనాన్న కొడుకు. ఆళ్ళగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే పని. చాన్నాళ్ళుగా దగ్గు. రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని డాక్టర్ ముందే చెప్పాడు. నేను "అయ్యో" అన్నా. ఫ్యామిలీ గ్రూపులో "ఓం శాంతి" అని టైప్ చేశా. మళ్ళీ యూట్యూబ్ తెరిచి బాలు గారి పాత ఇంటర్వ్యూలు చూస్తూ కూర్చున్నా. ఆళ్ళగడ్డ ఎంత దూరం? నంద్యాల నుంచి బస్సులో గంట. వెళ్ళలేదు. కోవిడ్ కదా అని నాకు నేనే చెప్పుకున్నా. కానీ ఫోన్ కూడా చెయ్యలేదు. ఫోన్‌లో కోవిడ్ రాదు కదా!

ఆ సిగ్గు నన్ను ఇప్పటికీ వదల్లేదు. అందుకే ఈ ఎపిసోడ్.

ఒకే విమానం, నలుగురు మనుషులు

ముందు ఇంకో సంఘటన చూద్దాం. 2004 ఏప్రిల్ 17. బెంగళూరు జక్కూరు ఎయిర్‌ఫీల్డ్ నుంచి ఒక చిన్న విమానం కరీంనగర్‌కు బయల్దేరింది, ఎన్నికల ప్రచారం కోసం. గాల్లోకి లేచిన కాసేపటికే కూలిపోయింది. అందులో ఎవరున్నారని అడిగితే అందరూ చెప్తారు, హీరోయిన్ సౌందర్య గారు. కరెక్టే. కానీ ఆ విమానంలో చనిపోయింది నలుగురు. ఆమె, ఆమె అన్నయ్య, ఒక పార్టీ కార్యకర్త, పైలట్.

అదే విమానం, అదే నిమిషం, అదే మంట. ఇరవై ఏళ్ళు దాటినా మనకు గుర్తున్నది ఒక్క పేరే. ఆ పైలట్ పేరు మీలో ఎంతమందికి తెలుసు? దాన్ని బట్టి పైలట్ ప్రాణం తక్కువ అనగలమా? అనలేం. మరి మన మనసు అలా ఎందుకు చేస్తుంది?

మన మెదడు ఆడే ఆట

1956లో డోనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఒక వ్యాసం రాశారు. అప్పుడే అక్కడ ఇళ్ళల్లోకి టీవీ వస్తోంది. తెర మీద రోజూ కనిపించే మనిషితో చూసేవాళ్ళకు స్నేహం లాంటిది ఏర్పడుతోందని వాళ్ళు గమనించారు. దానికి పారాసోషల్ సంబంధం అని పేరు పెట్టారు. అంటే ఒకవైపు చుట్టరికం. ఆయన మనకు తెలుసు, మనం ఆయనకు తెలియదు.

కానీ ఆ చుట్టరికం వల్ల కలిగే బాధ అబద్ధం కాదు. బాలు గారి గొంతు నేను రోజూ విన్నా. మామను ఏడాదికి రెండుసార్లు చూసేవాణ్ణి, పెళ్ళిళ్ళలో. మెదడుకు రక్తసంబంధం లెక్క తెలియదు, ఎన్ని గంటలు కలిసి గడిపామన్నదే లెక్క. కాబట్టి సెలబ్రిటీ పోతే ఏడ్చారని ఎవరైనా మిమ్మల్ని వెక్కిరిస్తే పట్టించుకోకండి. ఏడవడం తప్పు కాదు. నా ఏడుపు పెద్దది కాబట్టి ఆ చావే పెద్దది అనుకోవడం తప్పు. అక్కడ మనం రెండు వేరు వేరు విషయాలను కలిపేస్తున్నాం.

నా పాత ఉద్యోగం భాషలో చెప్తా. ఒక యాప్‌లో ప్రాబ్లమ్ వస్తే మేం రెండు అడిగేవాళ్ళం. ఒకటి, ఎంతమంది యూజర్లకు తగిలింది? రెండు, తగిలినవాళ్ళకు ఎంత గట్టిగా తగిలింది? కోటిమందికి యాప్ కాసేపు స్లో అవ్వడం వేరు. ఒక్కడి అకౌంట్లో ఉన్న డబ్బంతా మాయమవ్వడం వేరు. బాలు గారు పోతే కోట్లమందికి ఒక గొంతు పోయింది. మామ పోతే మా అత్తకు ఇల్లే కూలిపోయింది. మొదటిది వెడల్పు, రెండోది లోతు. బాలు గారి ఇంట్లోనూ ఆ లోతు అంతే ఉంటుంది. అక్కడ కూడా పోయింది ఒక భర్త, ఒక నాన్న.

చట్టం ఏమంటుంది?

హత్య చేస్తే ఇంతకుముందు ఐపీసీ 302, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 103. చనిపోయినవాడు సింగరా, కూలీనా అని ఆ సెక్షన్ అడగదు.

కానీ రోడ్డు ప్రమాదం నష్టపరిహారం దగ్గర లెక్క మారుతుంది. వయసెంత, సంపాదన ఎంత, ఎంతమంది ఆధారపడి ఉన్నారు అని కోర్టు చూస్తుంది. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు ఆ లెక్కకు ఒక పద్ధతి ఇచ్చింది. దాని ప్రకారం సినిమా స్టార్ కుటుంబానికి ఎక్కువ వస్తుంది, రాళ్ళు చెక్కేవాడి కుటుంబానికి తక్కువ వస్తుంది. అన్యాయం అనిపిస్తుంది కదా? కానీ అక్కడ కోర్టు వెల కడుతున్నది ప్రాణానికి కాదు, ఆగిపోయిన ఆదాయానికి. ఆ తేడా మనం కూడా గుర్తుపెట్టుకోవాలి.

"కానీ బ్రో, కళ పోవడం సమాజానికి నష్టం కదా?"

ఈ కామెంట్ వస్తుందని నాకు తెలుసు. న్యాయమైన ప్రశ్నే. అవును, నష్టమే. అలాంటి గొంతు మళ్ళీ రాదు. కానీ ఒక చిన్న విషయం చెప్తా.

బాలు గారు కుర్రాడిగా ఉన్నప్పుడు అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీలో చేరారు. మనలాగే. టైఫాయిడ్ రావడంతో ఆ చదువు ఆగిపోయింది. సినిమాలో మొదటి పాట పాడింది 1966 డిసెంబర్లో. ఇప్పుడు ఆలోచించండి. ఆ టైఫాయిడ్‌తోనే ఆ కుర్రాడు పోయి ఉంటే? "పాపం, ఇంజనీరింగ్ పిల్లోడు, జ్వరమొచ్చి పోయినాడంట" అనుకుని ఊరు మర్చిపోయేది. ఏం పోగొట్టుకున్నామో ఎవ్వరికీ తెలిసేది కాదు. మరి ఆ రోజు ఆ ప్రాణం విలువ తక్కువా? ఎవరి లోపల ఏముందో మనకు తెలియదు. తెలియనప్పుడు ఒక చావుకు పెద్ద మార్కులు, ఇంకో చావుకు చిన్న మార్కులు మనం ఎలా వేస్తాం?

మార్కులు వేస్తే ఏమవుతుందో కూడా చూశాం. 2006 ఏప్రిల్ 12న కన్నడ నటుడు రాజ్‌కుమార్ గారు చనిపోయారు. ఆయన వయసు అయిపోయి, ఇంట్లోనే పోయారు. కానీ బెంగళూరులో గొడవలు జరిగాయి, బస్సులు తగలబెట్టారు, మనుషులు చనిపోయారు. అందులో డ్యూటీలో ఉన్న ఒక పోలీసు కానిస్టేబుల్ కూడా ఉన్నాడు. ఒక చావు మరీ పెద్దదైపోతే, దాని పక్కన మామూలు ప్రాణం కనిపించకుండా పోతుంది.

ఇంకోటి. మన చూపు ఎటు పోతే జాగ్రత్తలు కూడా అటే పోతాయి. రాతి దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. వచ్చాక పూర్తిగా నయం చేసే మందు లేదు. రాకుండా ఆపడం మాత్రం కుదురుతుంది. చెక్కేటప్పుడు నీళ్ళు చల్లడం, సరైన మాస్క్ పెట్టుకోవడం. కానీ దీని మీద ఏ ఛానల్లో బ్రేకింగ్ న్యూస్ వస్తుంది?

మళ్ళీ ఆళ్ళగడ్డ

నాలుగు నెలల తర్వాత ఆళ్ళగడ్డ వెళ్ళా. మీలో చాలామంది అహోబిలం వెళ్తూ ఆ ఊరు దాటే ఉంటారు. రోడ్డు పక్కన షెడ్లు, ఉలి చప్పుడు, సగం చెక్కిన దేవుళ్ళు. అక్కడ చెక్కిన విగ్రహాలు ఎన్నెన్నో ఊళ్ళ గుళ్ళకు వెళ్తాయి. విగ్రహం మీద చెక్కినవాడి పేరు ఉండదు. ఒకసారి కళ్ళు తెరిపించి, ప్రాణప్రతిష్ఠ చేశాక అది దేవుడు. జనం దండం పెడతారు, చేసిందెవరని అడగరు.

మామ షెడ్ ముందు నిలబడ్డాక ఒకటి అర్థమైంది. నేను ఇన్నాళ్ళూ ఆయన్ని "మామూలు మనిషి" లిస్టులో వేశా. కానీ ఆయన కళాకారుడే కదా! అంటే నేను అడిగిన ప్రశ్నే తప్పు. నేను పోల్చింది కళాకారుణ్ణి, మామూలు మనిషిని కాదు. పేరు తెలిసినవాణ్ణి, పేరు తెలియనివాణ్ణి.

అత్త మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది. నేను సారీ ఎలా చెప్పాలో తెలియక, "ఆ రోజు బాలు గారు కూడా పోయినారు కదా అత్తా" అన్నా. ఎంత పిచ్చి మాట! ఆమె కోప్పడలేదు. "మీ మామకు ఆయప్ప పాటలంటే పానం రా. సెల్లు పెట్టుకొని వింటా చెక్కుతాండె" అంది. కాసేపాగి, "ఆయప్పకు ఏడ్చనీకె లోకమంతా ఉండె. మీ మామకు ఇంట్లో ఆరుమందిమి ఉంటిమి" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కూడా లేదు.

కాబట్టి నా లెక్క ఇదీ. ప్రాణాల విలువ సమానం. నష్టం వెడల్పు వేరు. కానీ మన అవసరం ఎక్కడ ఎక్కువంటే, ఏడ్చేవాళ్ళు తక్కువ ఉన్నచోట. బాలు గారికి నా స్టేటస్ లేకపోయినా తక్కువ కాలేదు. మా అత్తకు నా ఫోన్ లేకపోవడం తక్కువైంది.

మీకు నచ్చిన ఆర్టిస్ట్ పోతే ఏడవండి, స్టేటస్ పెట్టండి, తప్పులేదు. అదే ఫోన్‌తో ఈ ఏడాది మీ చుట్టాల్లో ఎవరింట్లో చావు జరిగిందో, వాళ్ళకొక కాల్ చెయ్యండి. "ఓం శాంతి" టైప్ చెయ్యడం కాదు, మాట్లాడండి. వీడియో ఆపేసి అయినా సరే, ముందు ఆ పని చెయ్యండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.