వేడి, ఆకు, చెయ్యి, పొగ

బిడ్డ కేరుమనగానే మంత్రసాని గొంతెత్తి యుద్ధనాదం చేసేది. ఐదు వందల ఏళ్ళ కిందట మెక్సికోలో, నహువా జనం ఇళ్ళలో సంగతి ఇది. తల్లి పోరాడి, ఒక శిశువును బందీగా పట్టి తెచ్చిందని ఆ కేకకు అర్థం. కాన్పులో ప్రాణం పోయిన స్త్రీకి రణరంగంలో ఒరిగిన వీరుడితో సమానంగా గౌరవం దక్కేది. మిట్టమధ్యాహ్నం నుంచి పొద్దుగుంకే దాకా సూర్యుడి వెంట నడిచేది ఆ తల్లులేనని నమ్మేవారు. బెర్నార్దినో దె సహగూన్ అనే స్పానిష్ సన్యాసి స్థానిక పెద్దలను అడిగి, 1577 ప్రాంతంలో ముగించిన 12 భాగాల గ్రంథంలో ఇదంతా రాయించి పెట్టాడు. కాన్పంటే ఆడదానికి పునర్జన్మ అని మనం అంటాం. వాళ్ళు యుద్ధం అన్నారు.

యుద్ధం నుంచి వచ్చిన మనిషికి శుశ్రూష కావాలి. ఆ శుశ్రూషకు వాళ్ళు కట్టుకున్నది తెమస్కల్. నహువా భాషలో ‘తెమస్కల్లి’ అంటే ఆవిరి స్నానపు ఇల్లు. మెక్సికో, గ్వాటెమాలా పల్లెల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. రాతితోనో మట్టి ఇటుకలతోనో, తరచు బోర్లించిన కుండలా కడతారు. లోపల నిలబడే ఎత్తుండదు, పాకుతూ దూరాలి. అగ్నిపర్వతపు రాళ్ళు బాగా కాలాక నీళ్ళు చల్లితే సుయ్యిమని ఆవిరి లేస్తుంది. బాలింత చాప మీద పడుకుంటుంది, పక్కనే మంత్రసాని. ఆవిరి పైకప్పుకు అంటుకుంటుంది కాబట్టి ఆమె ఆకుల కట్టతో దాన్ని కిందికి విసిరి, అదే కట్టతో బాలింత నడుమూ పొట్టా కాళ్ళూ మెల్లగా తడుతుంది.

ఇది వైద్యమా, నమ్మకమా అని గంపగుత్తగా అడిగితే జవాబు తేలదు. ఆ గదిలో నాలుగున్నాయి: వేడి, ఆకు, చెయ్యి, పొగ. దేనికదే తూచాలి.

ముందు వేడి. వాళ్ళ లెక్కలో గర్భిణి ఒళ్ళు వేడి. కాన్పులో నెత్తురుతోపాటు ఆ వేడీ పోయి బాలింత ఒళ్ళు చల్లబడుతుంది. చల్లగాలి తగలకూడదని బాలింత చెవులకు గుడ్డ కట్టే మన అమ్మమ్మల ఆలోచనా ఇంచుమించు ఇదే. జ్వరం లేకపోయినా కాన్పవగానే చాలామంది గడగడ వణుకుతారు, కాసేపటికి తగ్గుతుంది. నెలలు మోసినప్పుడు ఒంట్లో చేరిన అదనపు నీరు తర్వాత కొన్నాళ్ళపాటు చెమటగా, మూత్రంగా పోతుంది. ఆ చెమట తెమస్కల్ లేకున్నా పడుతుంది. వెచ్చదనం బిగిసిన కండరాలను సడలిస్తుంది, అంతవరకు మేలే. అయితే వేడి ఎక్కువైతే చర్మపు రక్తనాళాలు విచ్చుకుని బీపీ పడిపోతుంది. అప్పటికే నెత్తురు పోయి ఉన్న మనిషి కళ్ళు తిరిగి పడవచ్చు.

ఆకు సంగతి ఇంకా ఆసక్తికరం. 1552లో మార్తీన్ దె లా క్రూస్ అనే నహువా వైద్యుడు మూలికల గ్రంథం ఒకటి కూర్చాడు. హువాన్ బదియానో దాన్ని లాటిన్‌లోకి మార్చాడు. కాన్పు కష్టమైనప్పుడు వాడే మందుల్లో అందులో సిహువాపాత్లి ఉంది. సిహువా అంటే స్త్రీ, పాత్లి అంటే మందు. చామంతి కుటుంబపు పొద, తెల్లటి చిన్న పూలు. ఆకు కాచి తాగిస్తే గర్భసంచి బిగుస్తుందని మంత్రసానులకు తెలుసు. మాయ విడివడ్డాక అక్కడి రక్తనాళాలు నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరు దాకా, ఒక్కోసారి అంతకు మించి రక్తం వెళుతుంది. అది కారిపోకుండా ఆపేది గర్భసంచి గోడలోని కండరాలే. అడ్డదిడ్డంగా అల్లుకున్న ఆ పోగులు బిగిసి నాళాలను నొక్కేస్తాయి. బిగువు రాకపోతే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. 1970లలో రసాయన శాస్త్రజ్ఞులు ఈ ఆకు నుంచి గర్భసంచి మీద పనిచేసే జొవాపాతనాల్ అనే పదార్థాన్ని వేరుచేశారు. మంత్రసానుల మాటలో నిజముంది. చిక్కల్లా మోతాదులోనే. ఏ ఆకులో మందు ఎంతుందో కాచేవాళ్ళకు తెలియదు. నొప్పుల వేళ ఎక్కువైతే గర్భసంచి మితిమీరి బిగుసుకుని బిడ్డకు ఊపిరాడదు. ఆసుపత్రిలో కాన్పయ్యాక నెత్తురు ఆగేందుకు 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తారు, దాని కొలత ఎప్పుడూ ఒకటే. ఇంట్లో ఆ హార్మోన్‌ను ఊరించేది బిడ్డే. పాలు తాగేటప్పుడు పొత్తికడుపు మెలిపెట్టినట్టు నొప్పి వచ్చేది అందుకే.

మూడోది చెయ్యి. మంత్రసాని పొట్ట రాస్తుంది, నడుముకు పొడవాటి గుడ్డ బిగిస్తుంది. మన ఇళ్ళలో నడికట్టు లాంటిదే. గుడ్డ ఊతమిచ్చి కదలిక తేలిక చేస్తుంది. మరీ బిగిస్తే ఒత్తిడి కిందికి దిగి, కాన్పుకు సాగిన కటి కండరాల మీద పడుతుంది. అన్నిటికంటే విలువైనది ఆ చెయ్యి రోజూ రావడం. ఒళ్ళు కాలుతోందా, నెత్తురుతో గుడ్డ ఎన్నిసార్లు తడుస్తోంది, కాలి పిక్క వాచిందా అన్నవి తాకి చూసే మనిషికి ముందుగా తెలుస్తాయి. అక్కడ బాలింతకు 40 రోజులు బరువు పని చెప్పరు. కాన్పు నాటికి కిలో బరువుండే గర్భసంచి 60, 70 గ్రాములకు కుదించుకోవడానికి పట్టేదీ దాదాపు ఆరు వారాలే. అలాగని మంచానికే అతుక్కుపోకూడదు. ఆ రోజుల్లో రక్తం తేలిగ్గా గడ్డకడుతుంది. లేచి నాలుగడుగులు వేయకపోతే కాలి రక్తనాళాల్లో గడ్డలు కట్టే ముప్పుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, కాన్పయ్యాక మొదటి 24 గంటలు దాటిన తర్వాత తల్లీబిడ్డలను కనీసం మూడుసార్లు చూడాలి: 48 నుంచి 72 గంటల మధ్య, 7 నుంచి 14 రోజుల మధ్య, ఆరో వారంలో.

నాలుగోది పొగ. దీన్ని ఎవరూ మందుగా వాడలేదు, వేడి కోసం వేసిన నిప్పుతో దానంతటదే వచ్చింది. గ్వాటెమాలా కొండ పల్లెల్లో మాయా కుటుంబాల ఆవిరి గదుల్లో పరిశోధకులు గాలిని కొలిచి చూస్తే, కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదకరమైన స్థాయిలో బయటపడింది. కట్టె పూర్తిగా కాలక పుట్టే ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ కంటే దీన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత వికారం, ఆపైన మగత. ఆవిరికి నీరసం వచ్చిందని అనుకునేలోపే స్పృహ తప్పవచ్చు. ఉన్న కాస్త రక్తమూ ఆక్సిజన్ మోయలేకపోతే, రక్తహీనత ఉన్న బాలింతకు రెండింతల దెబ్బ.

ఈ నాలుగోది మన గుమ్మం దాకా వస్తుంది. తలుపులు బిడాయించిన పురిటి గదిలో, మంచం కింద బొగ్గుల కుంపటి. నిప్పు కణకణలాడుతూ పొగ కనిపించకపోతే మంచిదే అనుకుంటాం. కంటికి కనిపించని వాయువు ఆ బొగ్గుల్లోంచే వస్తుంది. మంచం మీద బాలింత, పక్కలో పసిబిడ్డ.

కుంపటి వాకిట్లోకి మార్చి, దాని మీద కాగిన నీళ్ళను హాట్ వాటర్ బ్యాగులో పోసి, గుడ్డ చుట్టి బాలింత నడుము కింద పెడితే సరి.