లినక్స్‌లో ఆట: చిక్కంతా పెట్టెలోనే

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కి మారదామంటే ఇంటెల్ ప్రాసెసరైతే కనీసం ఎనిమిదో తరానిది కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఇళ్లలో ఉన్న ఎన్నో సిస్టములు ఈ గీతకు అవతలే ఉండిపోయాయి. బెంగుళూరు ఎస్పీ రోడ్డులోనో సికింద్రాబాదు సీటీసీలోనో ఆఫీసులు తీసేసిన డబ్బా కొని, ర్యామ్ పెంచి, చిన్న గ్రాఫిక్స్ కార్డు ఒకటి పెట్టించుకున్నవి అవి. పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలోనో ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో చదివే పిల్లవాడికి సెలవుల్లో ప్రాజెక్టుకూ అదే, రాత్రి ఆటకూ అదే. పారేయడానికి మనసొప్పదు. “లినక్స్ ఎక్కించుకోబ్బా” అని సీనియర్ ఎవరో సలహా ఇస్తాడు. ఎక్కించుకుంటే బ్రౌజరు చకచకా తెరుచుకుంటుంది, కోడు కంపైలవుతుంది. ఆట దగ్గరికి వచ్చేసరికి నల్ల తెర.

“లినక్స్‌లో ఆటలు రావు” అన్న మాట ఇరవై ఏళ్ల కిందటిది. ఇప్పుడు ఆటలు వస్తాయి. ఆపుతున్నది పెట్టె లోపలున్న సామాను.

నిజానికి ఈ ఊళ్లలో లినక్స్ మీద ఆడనివాళ్లే తక్కువ. ఆండ్రాయిడ్ ఫోన్లో బీజీఎంఐ ఆడుతున్న ప్రతి పిల్లవాడూ లినక్స్ మీదే ఆడుతున్నాడు. ఆండ్రాయిడ్ అడుగున నడిచే కెర్నల్ అదే. ఫోనులో ఇబ్బంది ఎందుకు రాదంటే, అందులోని చిప్పుకు డ్రైవరు రాయించి, పరీక్షించి, బిగించి అమ్మే పూచీ కంపెనీది. విడిభాగాలు కలిపి కట్టుకున్న డెస్క్‌టాపుకు అట్లా పూచీ పడేవాళ్లు ఎవరూ లేరు.

ముందు విండోస్ ఆట లినక్స్‌లో ఎట్లా నడుస్తుందో చూద్దాం. ఆట ఫైలు నిండా ఉండేవి ప్రాసెసరుకు ఇచ్చే ఆజ్ఞలు. విండోస్ ఉన్నా లినక్స్ ఉన్నా ఇంటెల్, ఏఎండీ చిప్పులకు అవి ఒకేలా అర్థమవుతాయి. ఫైలు తెరవాలన్నా, శబ్దం వినిపించాలన్నా, తెర మీద కిటికీ పరచాలన్నా మాత్రం ఆట విండోస్‌ను పేరుపెట్టి పిలుస్తుంది. లినక్స్‌లో ఆ పేర్లకు పలికేవాళ్లు లేరు. 1993లో మొదలైన వైన్ ప్రాజెక్టు ఆ పేర్లకు పలికే ఫంక్షన్లను ఒక్కొక్కటిగా కొత్తగా రాస్తూ వచ్చింది. మైక్రోసాఫ్ట్ కోడు చేతిలో లేదు కాబట్టి, ఏ పిలుపుకు విండోస్ ఏ జవాబిస్తుందో బయటినుంచి పరీక్షించి తెలుసుకోవాలి. అందుకే 1.0 అనిపించుకోవడానికి 2008 జూన్ దాకా పట్టింది. నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి వైస్ సిటీ ఆడిన తరం అప్పటికే ఉద్యోగాల వేటలో పడిపోయింది.

పీటముడి పడింది బొమ్మ గీసే దగ్గర. విండోస్ ఆటలు గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడేది డైరెక్ట్3డీ అనే మైక్రోసాఫ్ట్ పద్ధతిలో. దాన్ని ఓపెన్‌జీఎల్ అనే మరో పద్ధతిలోకి మార్చి నెట్టుకొచ్చేది వైన్. రెంటికీ పొసగక ఆట ఈడ్చుకుంటూ నడిచేది. 2016 ఫిబ్రవరిలో వల్కన్ అనే కొత్త గ్రాఫిక్స్ పద్ధతి వచ్చింది. కార్డు మెమరీని, పనుల వరసను ప్రోగ్రామే నేరుగా నడిపించుకునే వీలు అందులో ఉంది. ఫిలిప్ రెబోలే అనే ప్రోగ్రామరు డైరెక్ట్3డీ పిలుపులను వల్కన్‌లోకి మార్చే డీఎక్స్‌వీకే రాశాడు. ఆటల దుకాణం స్టీమ్‌ను నడిపే వాల్వ్ కంపెనీ దానికి డబ్బు పెట్టింది. వైన్‌నూ దీన్నీ కలిపి 2018 ఆగస్టులో ప్రోటాన్ పేరుతో విడుదల చేసింది. మొదటిరోజు హామీ ఇచ్చింది 27 ఆటలకే. ఇప్పుడు వేల ఆటలు ‘ప్లే’ నొక్కితే తెరుచుకుంటున్నాయి. స్టీమ్ వాడేవారిలో లినక్స్ వాటా 2025 అక్టోబరులో తొలిసారి 3 శాతం దాటింది. వినడానికి చిన్నదే. పదేళ్ల కిందట ఒక శాతం చుట్టూ తిరిగిన అంకె అది.

దొరల కాలంలో కడప కచేరీకి వెళ్లిన రైతు మాటను దొరకు చేరవేయడానికి దుబాసీ ఉండేవాడు. డీఎక్స్‌వీకే చేసేది ఆ దుబాసీ పనే. ఎంత గట్టి దుబాసీ అయినా దొరకు వచ్చిన భాషలోనే కదా చెప్పగలడు. కార్డుకు వల్కన్ రాకపోతే డీఎక్స్‌వీకే ఏం చేయగలదు?

మన ఊళ్ల సిస్టములు బోల్తా కొట్టేది సరిగ్గా ఇక్కడ. 2022 నవంబరులో వచ్చిన డీఎక్స్‌వీకే 2.0 నుంచి వల్కన్ 1.3 తప్పనిసరి. ఇంటెల్ మూడో తరం, నాలుగో తరం ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్‌కు వల్కన్ అరకొరే. లినక్స్ ఆ మాటను హెచ్చరికగా చూపిస్తుంది కూడా. ఆరో తరం నుంచి ఫరవాలేదు. అంటే విండోస్ 11 వద్దన్న పెట్టెల్లో ఆరు, ఏడు తరాలవి లినక్స్‌లో హాయిగా బతుకుతాయి, మూడు నాలుగు తరాలవి రెండు చోట్లా చెడతాయి. ఆఫీసులు వదిలించుకున్న సరుకులో చవగ్గా దొరికేవి ఆ రెండో రకమే.

అయితే వేరే కార్డు పెట్టించుకుందామని దుకాణానికి వెళ్తాం.

“అన్నా, ఇది లినక్స్‌లో పనిచేస్తాదా?”

“పనిచేస్తాదిలే బ్బా, రెండు జీబీ కార్డు ఇది.”

రెండు జీబీ అన్నది కార్డు మీదున్న మెమరీ లెక్క. చిప్పు ఏదో అది చెప్పదు. అందరి చేతుల్లోనూ తిరిగిన జీటీ 730నే తీసుకోండి. 2014లో ఎన్విడియా దీన్ని ఒకే పేరుతో రెండు వేరువేరు చిప్పుల మీద అమ్మింది. ఒకటి కెప్లర్ తరం చిప్పు, 384 కోర్లు. రెండోది అంతకు ముందుదైన ఫెర్మీ తరం, 96 కోర్లు. డబ్బా మీద పేరు ఒక్కటే. విండోస్‌లో ఈ తేడా వేగంలో మాత్రమే తెలిసేది. లినక్స్‌లో బతుకే మారిపోతుంది. ఫెర్మీకి పనికొచ్చే చివరి ఎన్విడియా డ్రైవరు వరస 390. అందులో ఫెర్మీకి వల్కన్ అసలు లేదు, 2022 చివరితో ఆ వరసకు మద్దతూ పోయింది. కెప్లర్‌కు చివరిది 470; అక్కడ వల్కన్ 1.2తో ఆగిపోతుంది. కాబట్టి కెప్లర్ కార్డున్నవాళ్లు స్టీమ్‌లో పాత ప్రోటాన్ 7.0ను ఎంచుకుంటే కొన్ని ఆటలు దక్కుతాయి. ఫెర్మీవాళ్లకు మిగిలేది ఓపెన్‌జీఎల్ పాతదారి, దాని మీద పాత ఆటలు. ఒకే పేరుతో రెండు సరుకులు అమ్మడం మోసం కాదని కంపెనీలు అనుకోవచ్చు. కొనేవాడి వైపు నుంచి చూస్తే అది మోసమే.

డ్రైవరు సంగతి ఇంకా ఉంది. ఏఎండీ తన కార్డుల డ్రైవరును లినక్స్ కెర్నల్లోనే బహిరంగంగా పెట్టింది. 2015 నుంచి ఏఎండీజీపీయూ పేరుతో అది కెర్నల్‌తోపాటే వస్తుంది. పెన్‌డ్రైవు నుంచి లినక్స్ ఎక్కించగానే కార్డు పనిచేస్తుంది, మనం చేయవలసింది ఏమీ ఉండదు. ఎన్విడియా చాలాకాలం డ్రైవరును మూసిపెట్టి ఉంచింది. బయటివాళ్లు కష్టపడి రాసిన నోవో అనే డ్రైవరుకు 2014 తర్వాతి కార్డుల్లో ఇంకో అడ్డు వచ్చింది. కంపెనీ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ లేనిదే కార్డు వేగం పెంచనివ్వదు. వేల రూపాయలు పోసి కొన్న కార్డు మెల్లగా కూర్చుంటుందన్నమాట. 2012లో ఫిన్లాండులోని ఆల్టో విశ్వవిద్యాలయ సభలో లినస్ టోర్వాల్డ్స్ కెమెరా వైపు మధ్యవేలు చూపించి ఎన్విడియాను తిట్టింది ఇట్లాంటి ధోరణి చూసే. 2022 మేలో ఎన్విడియా కెర్నల్ భాగాన్ని బహిరంగం చేసింది, అదీ 2018 నాటి ట్యూరింగ్ తరం నుంచి మొదలైన కార్డులకే. పాతవాళ్లకు ఆ మేలు అందలేదు.

మూసిన డ్రైవరుతో రోజువారీ చిరాకు ఏమిటంటే, కెర్నల్ మారిన ప్రతిసారీ ఆ డ్రైవరును దానికి సరిపడా మళ్లీ కట్టాలి. సాధారణంగా అది దానంతటదే జరిగిపోతుంది. జరగనిరోజు, రాత్రి అప్‌డేట్ చేసి పడుకుంటే పొద్దున నల్ల తెర. సెక్యూర్ బూట్ వేసి ఉంటే సంతకం లేని డ్రైవరును కెర్నల్ గుమ్మంలోనే ఆపేస్తుంది. ఈ రెండూ తెలియక సిస్టం పాడైందని బాగుచేసేవాళ్ల దగ్గరికి మోసుకెళ్లేవాళ్లున్నారు.

గేమింగ్ లాప్‌టాపుల్లో సాధారణంగా రెండు గ్రాఫిక్స్ చిప్పులుంటాయి, బ్యాటరీ ఆదాకు ఒకటి, ఆటకు ఒకటి. లినక్స్‌లో చెప్పకపోతే ఆట చిన్న చిప్పు మీదే మొదలై నత్తనడక నడుస్తుంది. ఇప్పుడు ప్రైమ్ అనే పద్ధతిలో ఒక్క మాటతో పెద్ద చిప్పుకు మార్చవచ్చు. ఒకప్పుడు ఈ పనికి బంబుల్‌బీ అనే ప్రోగ్రాము ఉండేది. 2011లో దాని ఇన్‌స్టాలు స్క్రిప్టులో ఒక తుడిపే ఆజ్ఞ మధ్యలో ఒక్క ఖాళీ ఎక్కువ పడింది. ఆ ఖాళీ వల్ల ఒక చిన్న ఫోల్డరు తుడవాల్సింది, ప్రోగ్రాములన్నీ ఉండే యూఎస్‌ఆర్ ఫోల్డరు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. లినక్స్ లోకంలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు; పోగొట్టుకున్నవాళ్లు అప్పుడు నవ్వి ఉండరు.

ఇక మన సీమకే ప్రత్యేకమైన శత్రువు ఎండ. చిప్పు వేడి లెక్క సులభం: గది ఉష్ణోగ్రతకు, చిప్పు తినే వాట్లను కూలరు అడ్డుతో గుణించి కలిపితే చిప్పు ఉష్ణోగ్రత వస్తుంది. చిప్పు 95 డిగ్రీలు దాటకూడదనుకుందాం. గది 25 డిగ్రీలుంటే మధ్యలో 70 డిగ్రీల జాగా ఉంది. ఆ జాగాలో 65 వాట్లను మోయగలిగే కూలరును తెచ్చి మే నెల మధ్యాహ్నం ప్రొద్దుటూరు మిద్దె కింద 40 డిగ్రీల గదిలో పెడితే మిగిలే జాగా 55. మోయగలిగేది 51 వాట్లే. అంటే ఐదో వంతు సత్తువ ఎండకే పోయింది. చిప్పు కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది, ఆట తడబడుతుంది, మనం లినక్స్‌ను తిట్టుకుంటాం. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు సిమెంటు దుమ్ము ఫ్యాను రెక్కల్లో పేరుకుంటే కూలరు అడ్డు ఇంకా పెరుగుతుంది. ఇందులో లినక్స్ తప్పు బొత్తిగా లేదనీ చెప్పలేం: కొన్ని గేమింగ్ లాప్‌టాపుల ఫ్యానును తిప్పే సాఫ్ట్‌వేరును కంపెనీలు విండోస్‌కు మాత్రమే రాస్తాయి. మ్యాంగోహడ్ అనే చిన్న ప్రోగ్రాము ఆట మీదే ఫ్రేముల లెక్కా, ఉష్ణోగ్రతా చూపిస్తుంది. తడబాటు వచ్చిన క్షణంలో ఏ అంకె కదిలిందో చూస్తే, తప్పు డ్రైవరుదో ఎండదో తెలిసిపోతుంది. ముందు దుమ్ము దులిపి, ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్చి, ఆ తర్వాతే మిగతా వైద్యం.

1650 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం ఆర్‌టీపీపీ ముద్దనూరు పక్కనే ఉన్నా, గాలివానకు కరెంటు పోవడం మనకు మామూలే. అందుకని ఒక మాట. విండోస్ డిస్కులోనే ఆటలుంచి, రెండు పక్కల నుంచీ వాడుకుందామని చాలామంది చూస్తారు. ఆ డిస్కుది ఎన్‌టీఎఫ్‌ఎస్ అమరిక. ప్రోటాన్ తన ఫోల్డర్లలో ‘సీ’ పక్కన కోలన్ గుర్తు పెట్టిన పేరు ఒకటి సృష్టిస్తుంది. విండోస్ దాన్ని చెల్లని పేరుగా చూస్తుంది. విండోస్‌ను పూర్తిగా ఆపకపోయినా, మధ్యలో కరెంటు పోయినా ఆ డిస్కులో రాయడానికి లినక్స్ ఒప్పుకోకపోవచ్చు. ఆటలకు ఈఎక్స్‌టీ4 భాగం వేరుగా పెట్టుకోవడమే మేలు.

ఏ కార్డు పెట్టినా తెరుచుకోని ఆటలూ ఉన్నాయి. వాలొరెంట్ తన దొంగాట నిఘాను విండోస్ కెర్నల్లోనే కూర్చోబెడుతుంది. వైన్ అక్కడిదాకా వెళ్లలేదు. ఎపెక్స్ లెజెండ్స్ 2024 అక్టోబరు చివర లినక్స్‌ను బయటికి పంపింది. జీటీఏ ఆన్‌లైన్ అంతకు నెల ముందే పంపింది, ఒంటరిగా ఆడే కథ భాగం మాత్రం నడుస్తుంది. ఇవే ఆడాలంటే విండోస్ ఉంచుకోండి. వాదించి లాభం లేదు.

నన్నడిగితే, చవగ్గా కావాలనుకునేవాళ్లు జీటీ కార్డుల జోలికి పోకుండా వాడిన ఏఎండీ ఆర్‌ఎక్స్ 570 గానీ 580 గానీ చూసుకోవాలి. 2017 నాటివైనా వల్కన్ 1.3 వాటికి వచ్చు. క్రిప్టో మైనింగ్‌లో నలిగినవి బజారులో చాలా ఉంటాయి, కాబట్టి ఫ్యాను తిరుగుడు విని, గంటసేపు ఆట నడిపి చూపించమనాలి. పాత సరఫరా పెట్టె, అదే ఎస్‌ఎంపీఎస్, ఆ కార్డుకు చాలుతుందో లేదో కూడా అడగాలి. కొనేముందు జేబులో ఉబుంటు ఎక్కించిన పెన్‌డ్రైవు ఒకటి వేసుకుని వెళ్లండి. దుకాణంలో సిస్టమును దానితో తెరిచి, టెర్మినల్లో ఎల్‌ఎస్‌పీసీఐ అని కొడితే కార్డు అసలు చిప్పు పేరు తెర మీద పడుతుంది. జీటీ 730 డబ్బా లోపల జీఎఫ్108 అని కనిపిస్తే అది ఫెర్మీ. ఎంత తగ్గించినా తీసుకోకండి.