వేలూరి చుంచెలుక, కొరియా ఎలుక

హిందూపురం, పెనుకొండ వాళ్ళు ధర్మవరం వచ్చి పాకాల లైను పట్టుకుంటే, కదిరి, మదనపల్లె రోడ్డు, పాకాల మీదుగా కాట్పాడి చేరవచ్చు. ఆ పక్కనే వేలూరు. పెద్ద జబ్బు చేస్తే మీ వైపు వాళ్ళు చాలామంది వెళ్ళేది అక్కడికే గదా! ఆ వేలూరిలో తోటపాళయం అనే పేట ఉంది. 1964లో అక్కడ ఒక చుంచెలుకను పట్టారు. మెదడువాపు జ్వరాన్ని పరిశోధిస్తున్నవారు దానిలో కొత్త వైరసును కనుగొని, ఆ పేట పేరే పెట్టారు. అది ఏ కుటుంబానిదో మాత్రం అప్పట్లో తెలియలేదు. అది తెలియడానికి కొరియాలో మరో వైరసు దొరకవలసి వచ్చింది.

1951లో కొరియా యుద్ధం సాగుతుండగా సైనికులకు వింత జ్వరం రాసాగింది. ఒళ్ళు కాలిపోయేది, రక్తస్రావమయ్యేది, మూత్రపిండాలు దెబ్బతినేవి. ఐక్యరాజ్యసమితి సైనికులే 3,000 మందికి పైగా జబ్బుపడ్డారు. 1953లో యుద్ధం ఆగింది కాని జ్వరం ఆగలేదు. పొలాల్లో రైతులకూ వచ్చింది. కారణం ఎవరికీ అంతుపట్టలేదు.

హో వాంగ్ లీ అనే కొరియా శాస్త్రజ్ఞుడు హంటాన్ నది ప్రాంతంలో పొలం ఎలుకలను పట్టించాడు. సరే, ఎలుకలో వైరసు ఉన్నదీ లేనిదీ ఎలా తెలుస్తుంది? ఆయన ఉపయోగించిన యుక్తి చూడండి. జబ్బు తగ్గిన మనిషి రక్తంలో ఆ వైరసును గుర్తుపట్టి అంటుకునే ప్రతిరక్షకాలు ఉంటాయి. ఎలుక అవయవాలను పల్చని పొరలుగా కోసి, వాటిమీద ఆ మనిషి సీరమ్ వేశాడు. అంటుకున్న ప్రతిరక్షకాలు మెరిసేలా రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూశాడు. ఎన్నో ఎలుకల తర్వాత, 1976లో, వీపున నల్లచార ఉన్న ఎలుక ఊపిరితిత్తులలో ఆ మెరుపు కనబడింది! ఈ వెదుకులాటలో ఆయన బృందంలోనే కొందరికి ఆ జ్వరం సోకింది. వైరసుకు నది పేరు పెట్టారు.

విచిత్రమేమంటే, ఆ ఎలుక మాత్రం హాయిగా తిరుగుతుంది. దాని మూత్రం, పెంటికలు ఎండి ధూళిలో కలుస్తాయి. ఆ ధూళి పీల్చిన మనిషికి జ్వరం వస్తుంది. వేరుశనగ మూటల గదిలో ఎలుక పెంటికలుంటే పొడి చీపురుతో ఊడ్చవద్దు, బ్లీచింగు పొడి కలిపిన నీళ్ళతో తడిపి తీయండి అనడం ఇటువంటి జబ్బుల వల్లనే.

తర్వాతి కాలంలో పోల్చి చూస్తే, తోటపాళయం వైరసు ఈ హంటాన్‌కు చుట్టమేనని తేలింది. అంటే, కొరియాలో దొరకడానికి 12 ఏళ్ళ ముందే ఆ కుటుంబం వేలూరిలో చేతికి చిక్కిందన్నమాట! అది మనుషులకు జబ్బు తెస్తుందని మాత్రం రుజువు కాలేదు.

అన్నట్టు, గోడవారన కీచుమంటూ, కంపు కొడుతూ పరుగెత్తే చుంచెలుక అసలు ఎలుకే కాదు. పురుగులను తినే వేరే జాతి. ఈ వైరసులు ఎలుకల్లోనే ఉంటాయనుకున్న శాస్త్రజ్ఞులు తర్వాత ఇతర చుంచెలుకల్లోనూ, గబ్బిలాల్లోనూ వెదికారు. అక్కడా దొరికాయి.