రాజుగాడి రసమట్టం

పోయిన నెల ఓ పొద్దున్న మీ మామ్మ కేక విని వసారాలోకి పరుగెత్తానర్రా. మన కుక్క రాజుగాడు, పద్నాలుగేళ్ళ ముసలాడు, లేవబోయి ఎడంపక్కకి దభీమని పడ్డాడు. మళ్ళీ లేచాడు, గుండ్రంగా తిరిగాడు, గోడకి ఒరిగిపోయాడు. తల ఓ పక్కకి వాలిపోయింది. కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. రాత్రి తిన్న పెరుగన్నం అంతా కక్కేశాడు. పక్కింటాయన గోడ మీంచి చూసి, "పక్షవాతమండీ. దాన్నింక కష్టపెట్టకండి, ఓ సూది వేయించేయండి" అని తీర్పు చెప్పి, పేపరు చదువుకోడానికి వెళ్ళిపోయాడు.

అబద్ధమెందుకు, నేనూ అదే అనుకున్నాను. పశువుల డాక్టరమ్మ మాత్రం తొందరపడలేదు. వాడి పాదం మడిచి నేలమీద బోర్లా పెట్టారు. వాడు వెంటనే సరిచేసుకున్నాడు. కళ్ళు అడ్డంగా కదులుతున్నాయా, నిలువుగానా అని చూశారు. అడ్డంగానే. చెవిలోకి లైటు వేసి చూశారు. చీమూ లేదు, వాపూ లేదు. "మెదడు కాదండీ, లోపలి చెవిలా ఉంది" అన్నారు.

చెవికీ నడకకీ ఏం సంబంధం అంటారా? ఒప్పులకుప్ప తిరిగి ఆగండి. మీరు ఆగినా లోకం ఆగదు కదా! లోపలి చెవిలో మూడు వంపు గొట్టాలున్నాయి, ఒక్కోటీ ఒక్కో దిక్కుకి. వాటి నిండా ద్రవం. తల తిరిగితే గొట్టం తిరుగుతుంది గానీ ద్రవం కాస్త వెనకబడుతుంది. ఆ తేడాకి లోపలి సన్నని రోమాలు వంగి మెదడుకి కబురు పంపుతాయి. మీరు ఆగాక కూడా ద్రవం కాసేపు సాగుతూనే ఉంటుంది, పాపం మెదడు నమ్మేస్తుంది. పక్కనే ఉన్న రెండు తిత్తుల్లో సున్నపు రేణువులు కింద ఎటో చెబుతాయి. మొత్తమ్మీద తాపీమేస్త్రి రసమట్టమే అనుకోండి.

కదలకుండా ఉన్నా రెండు చెవులూ సమానంగా కబుర్లు పంపుతూనే ఉంటాయి. రాజుగాడి ఎడమది మూగబోయింది. కుడిచెవి కబురే వినబడేసరికి మెదడు "కుడికి తిరిగిపోతున్నాం" అనుకుని ఒంటిని ఎడమకి తోసేసింది. ముసలి కుక్కల్లో ఇలా ఎందుకవుతుందో చాలాసార్లు కారణమే దొరకదు. చెవి జబ్బులూ, థైరాయిడ్ తగ్గడం, కొన్ని మందులూ కూడా చేయగలవు.

వియన్నా డాక్టరు రాబర్ట్ బారానీ చెవులు కడుగుతూ ఈ రసమట్టం గురించే ఓ సంగతి పట్టుకున్నాడు. నీళ్ళు మరీ చల్లగా ఉన్నా, మరీ వేడిగా ఉన్నా రోగికి కళ్ళు తిరుగుతున్నాయి. ఒంటి వేడికి సరిపోతే ఏమీ లేదు. ఆ దారిన పోయి 1914 సంవత్సరపు నోబెల్ అందుకున్నాడు. ఆ కబురు అందేసరికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ! చెవులు కడగడం చిన్న పనేం కాదు మరి.

మన రాజుగాడికి డాక్టరమ్మ వాంతులకి మందిచ్చారు. నున్నటి టైల్స్ మీద గోనెసంచులు పరిచాం. మీ మామ్మ వాడి తల పట్టుకుని చెంచాతో నీళ్ళు తాగించింది. మూడోరోజుకి కళ్ళు నిలిచాయి, మూడో వారానికి వీధి చివరిదాకా వెళ్ళొచ్చాడు. అదే కళ్ళు నిలువుగా ఊగినా, మత్తుగా పడున్నా, పాదం సరిచేసుకోలేకపోయినా మెదడు వ్యవహారం, అప్పుడు కంగారు పడాల్సిందే.

తల మాత్రం ఇంకా కాస్త ఎడమకి వాలే ఉంది. పక్కింటాయన గేటు దగ్గరికొస్తే చాలు, వాడు అలా తల వాల్చి ఆయన్నే చూస్తుంటాడు.